ఉద్యోగ జీవితం నడుమ వృత్తి మార్పు

ఒక వృత్తిలో పది, పదిహేనేళ్లో అంతకు మించో పనిచేసి, అనుభవమూ హోదా సంపాదించుకున్న వ్యక్తి మరో రకం పనిలోకి గానీ మరో పరిశ్రమలోకి గానీ వెళ్లడాన్ని ఉద్యోగ జీవితం నడుమ వృత్తి మార్పు అంటారు. ‘కెరీర్ మార్పు’, ‘మిడ్ కెరీర్ స్విచ్’ అన్న మాటలూ వాడుకలో ఉన్నాయి. సాధారణంగా 35 నుంచి 50 ఏళ్ల మధ్య జరిగే ఈ మార్పు తొలి ఉద్యోగం వెతుక్కోవడం లాంటిది కాదు. చదువు అప్పుడే ముగించినవారి చేతిలో కాలం ఎక్కువ, పోగొట్టుకునేది తక్కువ. నడి వయసు ఉద్యోగి మీద ఇంటి రుణం, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల వైద్యం ఉంటాయి. మరోవైపు అనుభవం, పరిచయాలు, కొంత పొదుపూ ఉంటాయి. కొత్త చోటికి వెంట వచ్చేవి ఏవి, వదులుకోక తప్పనివి ఏవి, ఆ మధ్యకాలం ఎలా గడుస్తుంది అన్న లెక్కే ఈ ప్రణాళికకు మూలం.

నిర్వచనం, పరిధి

ఉద్యోగం మారడం వేరు, వృత్తి మారడం వేరు. ఒక బ్యాంకు క్రెడిట్ ఆఫీసరు మరో బ్యాంకులో అదే పనికి చేరితే అది ఉద్యోగ మార్పు. ఆయనే పాఠశాలలో గణితం చెప్పడానికి వెళ్తే అది వృత్తి మార్పు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. బ్యాంకు ఉద్యోగి బీమా సంస్థలో రిస్క్ విభాగానికి వెళ్తే దాన్ని ఏ పేరుతో పిలవాలి? అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఈ చిక్కు వల్లనే మనిషి జీవితంలో ఎన్నిసార్లు వృత్తి మారతాడన్న లెక్క కట్టడానికి పూనుకోలేదు. 1957–64 మధ్య పుట్టిన అమెరికన్లను దశాబ్దాలుగా అనుసరిస్తున్న ఆ సంస్థ అధ్యయనంలో, 18 ఏళ్ల నుంచి యాభైల నడిమి దాకా ఒక్కొక్కరు సగటున 12కు పైగా ఉద్యోగాలు చేసినట్టు తేలింది. అయితే అది ఉద్యోగాల సంఖ్యే, వృత్తుల సంఖ్య కాదు.

వృత్తులను పోల్చడానికి అధికారిక వర్గీకరణలు ఉన్నాయి. భారతదేశంలో జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 సుమారు 3,600 వృత్తులకు కోడ్‌లు ఇచ్చింది. అమెరికా కార్మిక శాఖ నిర్వహించే ఓ-నెట్ దాదాపు వెయ్యి వృత్తులను, వాటిలోని పనులను, కావలసిన నైపుణ్యాలను విడదీసి చూపుతుంది. 

చరిత్ర

పనిని పుట్టుకో, తొలి శిక్షణో నిర్ణయించిన కాలంలో వృత్తి మార్పుకు చోటు తక్కువ. భారతదేశంలో కులవృత్తులు తరతరాలుగా సాగాయి. ఇంగ్లండులో 1563 నాటి చట్టం చాలా చేతివృత్తులకు ఏడేళ్ల శిష్యరికం తప్పనిసరి చేసింది. ఆ నిబంధనలు 1814లో గానీ రద్దు కాలేదు. యంత్రాలు, కర్మాగారాలు వచ్చాక పనులు చీలి, పెరిగి, కొన్ని కనుమరుగయ్యాయి. దాంతో ఏ పని ఎంచుకోవాలన్న ప్రశ్న సామాన్యుడి ముందుకు వచ్చింది.

ఆ ప్రశ్నకు శాస్త్రీయంగా జవాబు వెతికిన తొలివారిలో అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్ ఒకరు. 1908లో బోస్టన్‌లో ఆయన వృత్తి సలహా కేంద్రాన్ని నెలకొల్పారు. ఆయన మరణానంతరం 1909లో వెలువడిన పుస్తకం మూడు మెట్లు సూచించింది: తనను తాను తెలుసుకోవడం, పనుల ప్రపంచాన్ని తెలుసుకోవడం, ఆ రెండింటి పొందికను హేతుబద్ధంగా పరిశీలించడం. ఆయన దృష్టిలో ఉన్నది యువకులే.

వయోజనుల చదువు, శిక్షణ పెద్ద ఎత్తున సాగింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు, శిక్షణకు అమెరికా 1944లో జీఐ బిల్లు తెచ్చింది. సుమారు 78 లక్షల మంది ఆ సదుపాయం వాడుకున్నారు. 1970లలో పాశ్చాత్య దేశాల భారీ పరిశ్రమలు కుంచించుకుపోయాక వృత్తి మార్పు కోరిక స్థాయి దాటి అవసరంగా మారింది. రిచర్డ్ బోల్స్ 1970లో సొంతంగా అచ్చువేసుకున్న ‘వాట్ కలర్ ఈజ్ యువర్ పారాచూట్?’ పుస్తకం ఆ దశాబ్దంలోనే ఉద్యోగాన్వేషకుల ప్రధాన మార్గదర్శిగా పేరు తెచ్చుకుంది.

భారతదేశంలో స్వాతంత్ర్యం తర్వాత మూడు, నాలుగు దశాబ్దాలు పర్మనెంట్ సర్కారీ ఉద్యోగమే ఆదర్శం. చేరిన చోటే పదవీ విరమణ చేయడం రివాజు. ఆ చట్రం రెండు వైపుల నుంచి సడలింది. 1982 జనవరిలో మొదలైన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె సుమారు రెండున్నర లక్షల కార్మికులను కదిలించింది. మిల్లులు తిరిగి పూర్వస్థితికి రాకపోవడంతో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలతో సహా ఎందరో వేరే పనులు వెతుక్కోవలసి వచ్చింది. 1991 సరళీకరణ తర్వాత రెండో మార్పు వచ్చింది. టెలికాం, ప్రైవేటు బ్యాంకింగ్, సాఫ్ట్‌వేర్ కొత్త కొలువులు తెస్తే, ప్రభుత్వ రంగం స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) పథకాలతో సిబ్బందిని తగ్గించుకుంది. 2000–01లో ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది వీఆర్ఎస్ తీసుకున్నారు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి ఒకే రోజు 78 వేల మందికి పైగా అలాగే వైదొలిగారు.

సిద్ధాంతాలు

డోనల్డ్ సూపర్ 1950లలో వృత్తి జీవితాన్ని ఎదుగుదల, అన్వేషణ, స్థిరపడటం, నిలుపుకోవడం, తగ్గించుకోవడం అనే ఐదు దశలుగా చూపారు. నడి వయసులో వృత్తి మారినవారు అన్వేషణ దశకు మళ్లీ వెళ్లి, అదే వరుసను కురచగా నడుస్తారని ఆయన తర్వాత వివరించారు. జాన్ హాలండ్ 1959 నుంచి అభివృద్ధి చేసిన సిద్ధాంతం మనుషుల్నీ పని వాతావరణాల్నీ ఆరు రకాలుగా విభజిస్తుంది. వృత్తి అభిరుచి పరీక్షల్లో నేటికీ ఎక్కువగా వాడేది ఇదే. ఎడ్గార్ షైన్ ప్రతిపాదించిన ‘కెరీర్ లంగరు’ భావన మరో కోణం చూపింది. అనుభవం పెరిగేకొద్దీ మనిషి ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోనిది ఒకటి తేలుతుందని, అది స్వతంత్రత, భద్రత, సాంకేతిక నైపుణ్యం వంటివాటిలో ఏదైనా కావచ్చని ఆయన చెప్పారు.

1976లో డగ్లస్ హాల్, 1996లో మైకేల్ ఆర్థర్, డెనిస్ రూసో వృత్తి జీవితం ఇక సంస్థ చేతిలో కాక వ్యక్తి చేతిలో ఉంటుందని వాదించారు. హెర్మీనియా ఇబార్రా 2003లో ప్రచురించిన అధ్యయనం పార్సన్స్ వరుసనే తలకిందులు చేసింది. ముందు తనను తాను పూర్తిగా తెలుసుకుని తర్వాత అడుగు వేయడం నడి వయసువారిలో అరుదని, చిన్న చిన్న పనులు చేసి చూస్తూ, కొత్త మనుషులతో మెలుగుతూ ఉన్నప్పుడే తమకు తగినది తెలుస్తుందని ఆమె వివరించారు. ఈ రెండు పద్ధతులూ సలహాదారుల్లో నేటికీ సమాంతరంగా నడుస్తున్నాయి.

అర్థశాస్త్రం ఇదే ప్రశ్నను జీతం వైపు నుంచి చూసింది. ఎక్కడైనా పనికొచ్చే సాధారణ నైపుణ్యానికీ, ఒక్క సంస్థలోనే విలువ ఉండే ప్రత్యేక నైపుణ్యానికీ గ్యారీ బెకర్ 1964లో తేడా చూపారు. 2009లో గుయోర్గుయి కంబూరోవ్, యూరీ మనోవ్‌స్కీ అమెరికా లెక్కలతో మరో సంగతి చూపించారు. ఒకే వృత్తిలో ఐదేళ్ల అనుభవానికి జీతంలో 12 నుంచి 20 శాతం పెరుగుదలతో సంబంధం ఉంది. వృత్తి పూర్తిగా మారితే ఆ విలువలో చాలా భాగం పోతుంది. కొత్త వృత్తిలోని పనులు పాత పనులకు ఎంత దగ్గరగా ఉంటే నష్టం అంత తగ్గుతుందని జర్మనీ కార్మికులపై జరిగిన పరిశోధన తేల్చింది.

రకాలు

పాత్ర, పరిశ్రమ అనే రెండు కొలతలతో ఈ మార్పులను వర్గీకరించడం సులువు.

పాత్ర మారి పరిశ్రమ మారనిది. కె.విశ్వనాథ్ మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేశారు. ఆ తర్వాత దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు వద్ద సహాయకుడిగా ఉండి, ‘ఆత్మగౌరవం’తో 1960ల మధ్యలో దర్శకుడయ్యారు. ఈ రకంలో మనుషులు తెలిసినవారే, పరిశ్రమ పోకడలూ తెలిసినవే. నేర్వవలసింది కొత్త పని ఒక్కటే. సహాయ దర్శకత్వం లాంటి నడిమి మెట్టు దొరకడం ఇందులో పెద్ద సౌకర్యం.

పరిశ్రమ మారి పాత్ర మారనిది. అలన్ ములాలీ 37 ఏళ్లు బోయింగ్‌లో విమానాల తయారీలో ఉండి 2006లో ఫోర్డ్ కార్ల సంస్థకు అధిపతిగా వెళ్లారు. పెద్ద ఇంజనీరింగ్ ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఆయన వెంట వెళ్లింది. అకౌంట్స్, మానవ వనరులు, కొనుగోళ్లు, న్యాయ విభాగాల ఉద్యోగులకు ఈ దారి తేలిక.

రెండూ మారేది. కోటక్ మహీంద్రా గ్రూపులో దాదాపు రెండు దశాబ్దాలు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ చేసిన ఫాల్గుణి నాయర్ 2012లో, యాభయ్యో ఏడు దగ్గర పడుతుండగా, సౌందర్య ఉత్పత్తుల సంస్థ నైకా ప్రారంభించారు. అది 2021 నవంబరులో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ కాలమిస్టు లూసీ కెల్లవే 2016లో, నడి వయసు ఉద్యోగులను ఉపాధ్యాయ వృత్తిలోకి తెచ్చే నౌ టీచ్ సంస్థను మరొకరితో కలిసి స్థాపించారు. మరుసటి ఏడు తానూ లండన్ పాఠశాలలో గణితం చెప్పడానికి చేరారు. అప్పుడామె వయసు 58.

ఉద్యోగం నుంచి సొంత సంస్థకు. కల్లం అంజిరెడ్డి హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో 1969 నుంచి 1975 దాకా పనిచేసి బయటికొచ్చారు. యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థల అనుభవం తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ స్థాపించారు. జీతగాడి నుంచి యజమానిగా ఈ మార్పు ఒక్క దూకుడులో కాక అంచెలుగా జరిగింది.

ప్రభుత్వ సర్వీసు నుంచి ప్రజా జీవితానికి. వైద్యవిద్య చదివి 1980లో ఐఏఎస్‌లో చేరిన జయప్రకాశ్ నారాయణ్ 1996లో సర్వీసు వదిలి లోక్‌సత్తా స్థాపించారు.

ఇవన్నీ ఇష్టపడి చేసిన మార్పులు. కంపెనీ మూతపడటం, లేఆఫ్, అనారోగ్యం వల్ల చేయవలసి వచ్చేవి వేరు కోవకు చెందుతాయి. ప్రణాళికకు సమయం దొరకకపోవడమే వాటి ప్రధాన లక్షణం. సైనికుల రెండో ఉద్యోగం ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. చాలామంది జవాన్లకు నలభై లోపో, నలభై దాటగానో విరమణ వస్తుంది. అయితే ఆ తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి సిద్ధపడే వీలుంటుంది.

ప్రణాళిక: ప్రధాన దశలు

అసంతృప్తికి కారణం తేల్చుకోవడం. పని నచ్చలేదా, పని చేసే చోటు నచ్చలేదా అన్నది మొదటి ప్రశ్న. పై అధికారితో పొసగకపోవడం, రాత్రి షిఫ్టులు, దూర ప్రయాణం వంటివి సంస్థ మారితే తీరవచ్చు. రోజూ చేసే పనే విసుగు తెప్పిస్తుంటే సంస్థ మారినా ఫలితం ఉండదు. ఒకట్రెండు నెలలు ఏ పని చేసినప్పుడు ఉత్సాహం వచ్చింది, ఏది నీరసపరిచింది అని రాసి చూసుకోవడం సలహాదారులు తరచూ సూచించే పద్ధతి.

పని బేరీజు. హోదా పేరును పక్కనపెట్టి, చేసే పనిని విడి విడి పనులుగా రాయాలి. ఉదాహరణకు బ్యాంకు బ్రాంచి మేనేజరు రుణ దరఖాస్తులు మదింపు చేస్తారు, ఆడిట్‌కు జవాబులిస్తారు, సిబ్బందికి టార్గెట్లు పంచుతారు, మొండి బకాయిలు వసూలు చేయిస్తారు. ఈ జాబితాను ఫిన్‌టెక్ సంస్థలో క్రెడిట్ రిస్క్ ఉద్యోగ ప్రకటనతో పోలిస్తే సగానికి పైగా సరిపోవచ్చు. డిజిటల్ మార్కెటింగ్ ప్రకటనతో పోలిస్తే రెండు, మూడు మించి కలవకపోవచ్చు. అలాగే ఉపాధ్యాయులు ఆన్‌లైన్ పాఠాల రూపకల్పనలోకి, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివినవారు ఫార్మకోవిజిలెన్స్, మెడికల్ కోడింగ్ రంగాల్లోకి వెళ్లడానికి కారణం ఈ దగ్గరితనమే.

పరిచయాల ద్వారా సమాచారం. మార్క్ గ్రనోవెటర్ 1970ల తొలినాళ్లలో ప్రచురించిన అధ్యయనంలో, మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను పరిశీలించారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచూ కలిసే మనిషి నుంచి ఆ సమాచారం అందినవారు 17 శాతం లోపే. అప్పుడప్పుడు కలిసేవారి నుంచి అందినవారు 55 శాతం పైన, అరుదుగా కలిసేవారి నుంచి అందినవారు 28 శాతం దాకా ఉన్నారు. దగ్గరివారికి మనకు తెలిసినదే తెలుస్తుంది, దూరపు పరిచయస్థులకు వేరే లోకం తెలుస్తుంది అన్నది ఆయన వివరణ. లింక్డ్‌ఇన్‌లో సుమారు రెండు కోట్ల మందిపై జరిగి 2022లో వెలువడిన అధ్యయనం, మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే ఉద్యోగ మార్పుకు ఎక్కువ ఉపయోగపడ్డాయని చూపింది. పాత సహోద్యోగులు, కాలేజీ సీనియర్లు, బంధువుల స్నేహితులు ఈ కోవలోకి వస్తారు. వారిని ముందే ఉద్యోగం అడగడం కంటే రోజు ఎలా గడుస్తుంది, కొత్తవారికి తొలి జీతం ఎంత ఉంటుంది, ఏ సర్టిఫికెట్‌కు నిజంగా విలువ ఉంది అని అడగడం మేలన్నది ఈ పరిశోధనలను అనుసరించే సలహాదారుల మాట.

చిన్న స్థాయి ప్రయోగం. సాయంత్రపు క్లాసు, వారాంతపు స్వచ్ఛంద సేవ, ఉన్న సంస్థలోనే మరో విభాగపు ప్రాజెక్టు, సెలవు పెట్టి చేసే స్వల్పకాలిక పని ఈ కోవకు చెందుతాయి. వ్యాపారం మొదలుపెట్టినవారిపై జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఉద్యోగం చేస్తూనే ఆరంభించి తర్వాత పూర్తిగా దిగినవారి వ్యాపారం మూతపడే ముప్పు నేరుగా దిగినవారికంటే 33 శాతం తక్కువ. అయితే ఉద్యోగ ఒప్పందంలో రెండో పనిని నిషేధించే షరతు ఉందేమో ముందే చూసుకోవాలి. 2022లో భారతీయ ఐటీ సంస్థలు ‘మూన్‌లైటింగ్’పై చర్యలు తీసుకోవడంతో ఈ షరతు గురించి విస్తృత చర్చ జరిగింది.

శిక్షణ ఎంపిక. వృత్తులను ఇక్కడ రెండుగా విడదీయవచ్చు. చట్టం అర్హత నిర్ణయించినవి మొదటి రకం. న్యాయవాదికి ఎల్ఎల్‌బీ, బార్ కౌన్సిల్ నమోదు, అఖిల భారత బార్ పరీక్ష ఉండాలి. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడికి నిర్ణీత శిక్షణ, టెట్ అవసరం. వీటికి అడ్డదారి లేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కంటెంట్, అమ్మకాలు వంటి రెండో రకం వృత్తుల్లో చేసి చూపిన పనికి సర్టిఫికెట్ కంటే ఎక్కువ విలువ దక్కుతుంది. ఫీజు కట్టే ముందు, ఆ కోర్సు పూర్తిచేసిన నడి వయసు విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోవడం అవసరం.

డబ్బు లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు లక్ష రూపాయలు ఇంటికి తెచ్చే వ్యక్తి కుటుంబానికి ఈఎంఐతో కలిపి తప్పనిసరి ఖర్చు 60 వేలు అనుకోవాలి. శిక్షణకు ఆరు నెలలు, ఉద్యోగ వేటకు నాలుగు నెలలు పడితే ఖర్చులకే 6 లక్షలు చేతిలో ఉండాలి. కోర్సు ఫీజు లక్షన్నర, ఆరోగ్య బీమా ప్రీమియం 40 వేలు కలిపితే 7 లక్షల 90 వేలు. కొత్త ఉద్యోగం 70 వేలతో మొదలై ఏటా 15 శాతం పెరుగుతుందనీ, పాతది ఏటా 7 శాతం పెరిగేదనీ అనుకుంటే రెండు జీతాలూ కలిసేది ఐదో ఏడాది తర్వాతే. ఆ ఐదేళ్ల తేడా, పది నెలల జీతం తిరిగి రావడానికి మరికొన్నేళ్లు కావాలి. 38 ఏళ్ల వ్యక్తికి ఈ లెక్క ఆమోదయోగ్యం కావచ్చు. 52 ఏళ్ల వ్యక్తికి దగ్గరి దారి, అంటే పాత్రనో పరిశ్రమనో ఒక్కటే మార్చడం, మేలు కావచ్చు. ఇంట్లో రెండో ఆదాయం ఉంటే అంకెలన్నీ మారతాయి కాబట్టి జీవిత భాగస్వామితో కలిసి ఈ లెక్క వేసుకోవడం ప్రణాళికలో భాగం.

రెజ్యూమె, ఇంటర్వ్యూ. పాత రంగపు పరిభాషను కొత్త రంగం మాటల్లోకి మార్చి రాయాలి. పదిహేనేళ్ల బాధ్యతల చిట్టా కంటే, అడిగిన పనికి దగ్గరగా ఉన్న నాలుగైదు ఫలితాలను అంకెలతో చూపడం ఉపయోగకరం. ఇప్పుడెందుకు మారుతున్నారు, చిన్న వయసు మేనేజరు కింద పనిచేయగలరా, తక్కువ జీతానికి నిలుస్తారా అన్న మూడు ప్రశ్నలు దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ ఏదో ఒక రూపంలో ఎదురవుతాయి. లేని అనుభవాన్ని చూపే పత్రాలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే చేరిన తర్వాతైనా ఉద్యోగం పోతుంది.

భారతదేశంలో చట్టాలు, నిబంధనలు

నోటీసు పీరియడ్ సాధారణంగా 30 నుంచి 90 రోజులు. ఐటీ రంగంలో 90 రోజులు మామూలు. కొత్త సంస్థ ఆగలేకపోతే మిగిలిన రోజుల జీతం చెల్లించి బయటపడే ‘బైఔట్’ ఉంటుంది, అయితే అది ఒప్పందాన్ని బట్టి. రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ చేతికొచ్చాకే నిష్క్రమణ పూర్తయినట్టు.

పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలను చెల్లనివిగా పేర్కొంటుంది. అందువల్ల ఉద్యోగం వదిలాక ఆ షరతు అమలు సాధారణంగా సాధ్యం కాదు. వ్యాపార రహస్యాలు కాపాడాలన్న షరతు మాత్రం నిలుస్తుంది. నిర్ణీత కాలం పనిచేయకుండా వెళ్తే సహేతుకమైన సొమ్ము చెల్లించాలన్న బాండ్లు కూడా చెల్లవచ్చు. విజయా బ్యాంకు కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు అలాంటి 2 లక్షల రూపాయల షరతును సమర్థించింది.

భవిష్య నిధి ఖాతాను మూసి డబ్బు తీసుకోవడం కంటే, యూఏఎన్ ద్వారా కొత్త సంస్థకు మార్చుకోవడం లాభకరం. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండకుండా తీసుకున్న మొత్తంపై పన్ను పడవచ్చు. ఉద్యోగుల పింఛను పథకం కింద నెలవారీ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ అందాలంటే సాధారణంగా ఐదేళ్లు నిండాలి. కొద్ది నెలల తేడాతో దాన్ని పోగొట్టుకునేవారు ఉన్నందున రాజీనామా తేదీని ఈ లెక్కతో సరిచూసుకోవాలి.

సంస్థ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే ముగుస్తుంది. కొత్త వ్యక్తిగత పాలసీలో ముందే ఉన్న జబ్బులకు 36 నెలల దాకా వేచి ఉండవలసి రావచ్చు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోవడం, లేదా గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలును అడగడం మంచిది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు 20 ఏళ్ల అర్హత సర్వీసు పూర్తయ్యాక మూడు నెలల నోటీసుతో స్వచ్ఛంద విరమణ కోరవచ్చు. మరో ప్రభుత్వ కొలువుకు ప్రాపర్ ఛానెల్ ద్వారా వెళ్లేవారికి సాంకేతిక రాజీనామా, పాత పోస్టుపై కొంతకాలం లియన్ (తిరిగి వచ్చే హక్కు) వంటి రక్షణలు ఉంటాయి. న్యాయవాద వృత్తిలోకి వెళ్లేవారు గమనించవలసింది ఒకటుంది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం, ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉండకూడదు.

సంస్థాగత సహాయం

భారతదేశంలో నైపుణ్య శిక్షణ వ్యవస్థ ప్రధానంగా యువత కోసం రూపొందింది. అయినా నడి వయసువారికి ఉపయోగపడేవి కొన్ని ఉన్నాయి. 2013లో నోటిఫై చేసిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, అనుభవంతో నేర్చిన పనికి పరీక్ష ద్వారా గుర్తింపు ఇచ్చే వీలు కల్పించింది. 2017లో మొదలైన స్వయం వేదిక ఆన్‌లైన్‌లో విశ్వవిద్యాలయ కోర్సులు అందిస్తోంది. రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్ జనరల్ విరమణకు ముందే సైనికులకు శిక్షణ ఏర్పాటు చేస్తుంది. అధికారులకు ఐఐఎంలలో మేనేజ్‌మెంట్ కోర్సులూ ఉన్నాయి. కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధన ఆపిన మహిళా శాస్త్రవేత్తల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపిన పథకంలోని ఒక విభాగం, వారికి పేటెంట్ల రంగంలో ఏడాది శిక్షణ ఇచ్చింది. ప్రయోగశాల జ్ఞానాన్ని వదులుకోకుండా కొత్త వృత్తిలోకి వెళ్లే దారి అది.

సింగపూర్ ఈ విషయంలో ఎక్కువ ఖర్చు పెట్టే దేశాల్లో ఒకటి. 2015లో మొదలైన స్కిల్స్‌ఫ్యూచర్ కింద 25 ఏళ్లు నిండిన పౌరులకు శిక్షణ కోసం 500 సింగపూర్ డాలర్లు ఇచ్చారు. 2024 మే నుంచి 40 దాటినవారికి అదనంగా 4,000 డాలర్లు కేటాయించారు. వృత్తి మారే కార్మికుడిని చేర్చుకున్న యజమానికి శిక్షణ కాలపు జీతంలో 70 శాతం, నలభై దాటినవారి విషయంలో 90 శాతం దాకా, గరిష్ఠ పరిమితికి లోబడి ప్రభుత్వం భరించే కార్యక్రమాలూ ఉన్నాయి. స్వీడన్ 2022లో, పనిలో ఉన్నవారు ఏడాది దాకా చదువుకునేందుకు జీతంలో 80 శాతం వరకు, పరిమితికి లోబడి, భృతి ఇచ్చే పథకం తెచ్చింది.

తెలుగు రాష్ట్రాలు, ప్రవాస తెలుగువారు

హైదరాబాద్‌లో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికే అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలు కంప్యూటర్ శిక్షణకు కేంద్రంగా ఎదుగుతున్నాయి. తర్వాతి దశాబ్దాల్లో మెకానికల్, సివిల్ ఇంజనీర్లు, డిగ్రీ లెక్చరర్లు, మెడికల్ రిప్రజెంటేటివ్‌లు అక్కడ జావా, టెస్టింగ్, ఒరాకిల్, శాప్ వంటివి నేర్చుకుని రంగం మారారు. తక్కువ ఫీజు, ఉదయం ఆరేడింటికే మొదలయ్యే బ్యాచ్‌లు, వారాంతపు క్లాసులు ఉద్యోగం చేసుకునేవారికి అనువుగా ఉండటం ఇందుకు తోడ్పడింది. ఔషధ రంగంలో మరో దారి తెరుచుకుంది. ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు బయటికొచ్చి ప్రైవేటు బల్క్ డ్రగ్ పరిశ్రమకు పునాది వేశారు.

మధ్యలో చదువు తిరిగి మొదలుపెట్టేవారికి 1982లో హైదరాబాద్‌లో ఏర్పడిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దారి చూపింది. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి లాసెట్‌లో గరిష్ఠ వయోపరిమితి లేకపోవడంతో విశ్రాంత ఉద్యోగులు సైతం చేరుతున్నారు. ప్రభుత్వ కొలువుల్లోకి మారాలనుకునేవారికి వయోపరిమితే మొదటి గేటు. యూనిఫాం సర్వీసులు మినహా ఇతర పోస్టులకు ఈ పరిమితిని తెలంగాణ 2024లో 44 నుంచి 46 ఏళ్లకు పెంచింది.

అమెరికాలో హెచ్-1బీ వీసాపై ఉన్న తెలుగువారికి వృత్తి మార్పు వలస చట్టంతో ముడిపడి ఉంటుంది. పని ప్రత్యేక నైపుణ్య వృత్తి కోవలో ఉండాలి, చదివిన చదువుకు దానికి సంబంధం ఉండాలి, కొత్త యజమాని తన పిటిషన్ వేయాలి. ఉద్యోగం పోతే 60 రోజుల గడువే ఉంటుంది. గ్రీన్‌కార్డు తుది దరఖాస్తు 180 రోజులు పెండింగులో ఉన్నాక ఉద్యోగం మారే వీలుంది, అయితే కొత్త పని పాతదే లేదా దానికి దగ్గరిదై ఉండాలి. ఏళ్ల తరబడి సాగే నిరీక్షణలో ఈ షరతు పాత్రను మార్చడం కంటే పరిశ్రమను మార్చుకోవడం వైపు నెడుతుంది.

ఫలితాలు, అడ్డంకులు

ఇష్టపడి, సిద్ధపడి మారినవారికీ బలవంతంగా మారినవారికీ ఫలితాల్లో పెద్ద తేడా ఉంటుంది. లూయీ జేకబ్సన్, రాబర్ట్ లాలోండ్, డేనియల్ సల్లివన్ 1993లో ప్రచురించిన పరిశోధన పెన్సిల్వేనియాలో ఎక్కువకాలం ఒకేచోట పనిచేసి ఉద్యోగం కోల్పోయినవారిని అనుసరించింది. ఐదారేళ్ల తర్వాత కూడా వారి ఆదాయం అలాంటి ఇతర కార్మికుల కంటే సుమారు 25 శాతం తక్కువగా ఉంది. పాత అనుభవానికి కొత్త చోట ధర పలకకపోవడం దీనికి ఒక కారణం.

వయసు వివక్ష మరో అడ్డంకి. అమెరికాలో 40 వేలకు పైగా నమూనా దరఖాస్తులతో డేవిడ్ న్యూమార్క్ బృందం 2019లో వెలువరించిన అధ్యయనం, వయసు మళ్లిన అభ్యర్థులకు, ముఖ్యంగా మహిళలకు, తిరిగి పిలుపు తక్కువగా వస్తోందని చూపింది. నలభై దాటిన ఉద్యోగులకు అక్కడ 1967 నుంచి చట్టరక్షణ ఉంది. భారతదేశ ప్రైవేటు రంగంలో వయసు వివక్షను ప్రత్యేకంగా నిషేధించే చట్టం లేదు. వృత్తి మార్పును పూర్తిగా వ్యక్తి బాధ్యతగా చూపే సలహా సాహిత్యంపై విమర్శ ఇక్కడి నుంచే వచ్చింది. పొదుపు, రెండో ఆదాయం, ఇంగ్లీషు చదువు ఉన్నవారికి సాధ్యమయ్యే ప్రయోగం రోజుకూలీకి సాధ్యం కాదన్నది ఆ విమర్శ సారం.

ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక, యజమానుల సర్వే ఆధారంగా, 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9 కోట్ల 20 లక్షలు పోతాయని, ఇప్పుడున్న నైపుణ్యాల్లో 39 శాతం మారతాయో పాతబడతాయో అని అంచనా వేసింది. అలాంటి మార్పు భారతదేశంలో ఎందరి వృత్తిని ఎటు తిప్పుతోందో కొలిచే సాధనాలు పరిమితం. జాతీయ శ్రామిక శక్తి సర్వే ఒక్కో కుటుంబాన్ని నాలుగుసార్లు కలిసి వదిలేస్తుంది. ఏ వృత్తిలో ఎందరున్నారో అది చెప్పగలదు గానీ, ఒకే మనిషి ముప్పయ్యో ఏట ఏం చేశాడు, నలభై ఐదో ఏట ఎక్కడికి చేరాడు, జీతం ఎంత పోగొట్టుకున్నాడు అన్నది అందులో తెలియదు. దశాబ్దాల పాటు ఒకే వ్యక్తులను అనుసరించే అమెరికా తరహా సర్వేలతో దీనికున్న ప్రధాన తేడా ఇదే.